చంద్రకాంతలు విచ్చుకునేలోగా

వరలు ఎంతకీ తరగడం లేదు. మాణిక్యం వాటి మధ్యనుంచి నడుస్తూనే ఉంది, నూతుల్లోకి దింపే సిమెంటు వరలు, నిలబెట్టినవి కొన్ని, ఒరిగి పడుకున్నవి కొన్ని, పచ్చి ఆరక తడి గోనెసంచులు కప్పుకున్నవి కొన్ని, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని వెనక ఒకటి. ఇది తమ పెరడే. మండపేటలో అన్నదమ్ములిద్దరూ కలిసి వరలు పోసి అమ్మిన పెరడు. ఆ సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది, కాని వాళ్ళ పెరడు ఇటు నుంచి అటు ఉమ్మేస్తే పడేంత, ఇదేమో అయిపోవడమే లేదు. చివర ఉండాల్సిన ప్రహరీగోడ కనిపించినట్టే కనిపించి, దగ్గరికి వెళ్ళేసరికి సగందాకా ఆకుపచ్చ రంగు పూసిన ఆసుపత్రి వరండా గోడ అవుతోంది, ఇంకాస్త దగ్గరికి వెళితే అదీ ఒక వరే, లోపల చీకటితో, అంచున తడితో.

వరల సందుల్లో చంద్రకాంత మొక్కలు. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ పెంచలేదు, వరలు తడిపినప్పుడు కారిన నీళ్ళకి వాటంతట అవే మొలిచి మోకాళ్ళ ఎత్తున గుబుర్లు కట్టాయి. ఒకే కొమ్మకి ఒకటి గులాబీరంగు, ఒకటి పసుపు, ఒకటి రెండూ చిలకరించినట్టు. ఇంకా ఏదీ విచ్చుకోలేదు. అన్నీ ముడిచిన గొడుగుల్లా మెలితిరిగి సాయంత్రం కోసం కాచుకుని ఉన్నాయి. మాణిక్యం వాటి వంకే చూసుకుంటూ నడుస్తోంది, ఎందుకంటే అవి విచ్చుకునేలోగా ఒక మనిషిని కలవాలి, ఒక మాట అడగాలి, అడక్కపోతే ఏదో అయిపోతుంది, ఆ అయ్యేదేమిటో ఛాతీలో రాయిలా ఉంది గాని నోటికి రావడం లేదు.

"ఎక్కడికే ఆ పరుగు? కొంగు వరకి తగులుకుంది, చూసుకో."

సత్యవేణి ఒక వర అంచుమీద కూర్చుని ఉంది. మాణిక్యం పెనిమిటి సూరిబాబుకి అన్న భార్య, ఒకే వంటింట్లో ఏళ్ళ తరబడి కలిసి మసిలిన తోటికోడలు, చచ్చిపోయి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి. కాళ్ళు వేలాడేసుకుని, ఒళ్ళో పూలు పోసుకుని, దారం లేకుండా చంద్రకాంతలు అల్లుతోంది. ఆ పువ్వుకి కాడ పొడుగు, మూడు పూలు తీసుకుని కాడలు జడలా పేనుకుంటూ పోతే దండ అవుతుంది, దారం అక్కర్లేదు. మాణిక్యానికి ఆ విద్య నేర్పిందే సత్యవేణి. కొత్తకోడలుగా వచ్చిన మొదటి వేసవిలో, ఇదే పెరట్లో.

మాణిక్యం కొంగు విడిపించుకుంది. చనిపోయినావిడ ఇలా కూర్చుని ఉండటం ఆమెకి వింతగా లేదు, ఇంతసేపూ తను వెతుకుతున్నది ఈవిడనే అని మాత్రం తెలిసింది.

"అక్కా, నువ్వేంటి ఇలా చిన్నదానివైపోయావ్?"

"నేను ఉన్నట్టే ఉన్నా. నువ్వే నాకంటే పెద్దదానివైపోయావు. ఆ తల చూసుకున్నావా, సున్నం కొట్టినట్టుంది. ఇకమీదట నేనే నిన్ను అక్కా అనాలేమో."

"రంగేసుకోమంటాడు మీ మరిది. నాకే బద్ధకం."

"వాడి తలకి వేసుకోమను ముందు."

"ఆయనకి తలుంటేగా. మొత్తం ఊడిపోయింది."

సత్యవేణి నవ్వింది. అదే నవ్వు, శబ్దం లేకుండా భుజాలు మాత్రం కదిలే నవ్వు, అత్తగారు వింటుందని అలవాటు చేసుకుని ఆవిడ పోయాక కూడా మార్చుకోలేకపోయిన నవ్వు. మాణిక్యం వెళ్ళి పక్కనే వర మీద కూర్చుంది. సిమెంటు చల్లగా ఉంది. ఎండ మాత్రం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఉండే ఎండలాగే ఉంది, నీడలు కదలకుండా.

"బుల్లెమ్మగారు కూడా ఇక్కడే ఉందే," అంది సత్యవేణి, ఎవరూ వినకుండా చెబుతున్నట్టు. "మొన్ననే వచ్చింది."

"మొన్న ఎక్కడ? పోయి ఆరేడేళ్ళయింది."

"అదే, మొన్న. కూర్చోండి పిన్నిగారూ అంటే, వద్దులేమ్మా అలవాటైపోయింది అని నిలబడే ఉంది."

మాణిక్యానికి నవ్వు ఆగలేదు. బుల్లెమ్మగారికి మనవరాలి పెళ్ళిలో కూర్చునేచోట సెగ్గడ్డ లేచింది. పందిట్లో అందరూ బంతిలో కూర్చుంటే ఆవిడొక్కర్తీ స్తంభం పక్కన నిలబడి ఆకు చేత్తో పట్టుకుని భోంచేసింది. ఎవరడిగినా మొక్కు అని చెప్పింది. ఆ సాయంత్రం ఈ పెరట్లోకే వచ్చింది, వెనక సందులోంచి, ముసుగేసుకుని.

అలా వచ్చేవాళ్ళు ఆడవాళ్ళంతా. చంకలో గడ్డ, తొడలో గడ్డ, రవికె కింద గడ్డ, ఎక్కడెక్కడో గడ్డలు, ఊళ్ళో వైద్యం చేసే ఆచారిగారికి, మగవాడు కాబట్టి, చూపించలేనివి, ఇంట్లో మొగుడికి కూడా చెప్పలేనివి. సత్యవేణి నాలుగు చంద్రకాంత ఆకులు కోసి, పెనం మీద వాడ్చి, ఆముదం రాసి, గోరువెచ్చగా ఉండగానే గడ్డ మీద పరిచి పాతచీర పేలికతో కట్టేది. పొద్దుటికి గడ్డ మెత్తబడేది, మర్నాటికో ఆ మర్నాటికో పగిలేది. వేరు అరగదీసి వాపులకి పట్టు వేసేది. మిరియాల్లాంటి నల్లగింజలు పగలగొట్టి లోపలి తెల్లపిండి ఆడపిల్లల ముఖాలకి పౌడరని రాసేది, అది మాత్రం ఉత్త ఆటకి. ఆ విద్య ఆమెకి పుట్టింటి నుంచి వచ్చింది, దాంతోపాటు వచ్చినవి మూడు కట్టుబాట్లు. పూలు విచ్చుకున్నాకే ఆకు కొయ్యాలి. కోసింది మొదలు కట్టేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. గడ్డ ఎక్కడ లేచిందో అడక్కూడదు, కట్టించుకున్నవాళ్ళు తర్వాత కూడా ఎవరికీ చెప్పకూడదు. నోరు దాటితే మందు పనిచెయ్యదు.

"దేవుడికి పెట్టరు, జడలో పెట్టుకోరు," అనేది సత్యవేణి ఆ పూల గురించి. "పొద్దున పూలు కోసేవేళకి రాలిపోయుంటాయి, ఇక దేవుడి దాకా ఏం వెళతాయి. ఎవరూ చూడనివేళ పూస్తాయి, ఎవరికీ చూపించని చోటుకి పనికొస్తాయి. మన ఆడాళ్ళ పువ్వే ఇది."

ఇప్పుడు కూడా ఆ మాటే అంటోందో, ఎప్పుడో అన్నది వరల్లో తిరిగి తిరిగి ఇప్పుడు వినిపిస్తోందో మాణిక్యానికి తెలియడం లేదు. సత్యవేణి ఒళ్ళో దండ మాత్రం పెరుగుతోంది. వర అంచునుంచి జారి, నేలమీద పాకి, పక్క వర చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

అప్పుడు ఫోను మోగింది.

మాణిక్యం నడుము దగ్గర తడుముకుంది, లేదు. ఫోను ఒక వరలో ఉంది. ఏ వరలో ఉందో తెలియడం లేదు, ఒకదాంట్లోకి వంగితే పక్కదాంట్లో మోగుతోంది, అందులోకి వంగితే ఆ పక్కదాంట్లో. చివరికి మోగడం ఆగి, అన్ని వరల్లోంచీ ఒకేసారి బిందు గొంతు వచ్చింది, పొద్దున ఫోనులో ఎలా మాట్లాడిందో అలాగే.

"పిన్నీ, గడ్డ లేచింది. నొప్పి లేదుగాని తగ్గట్లేదు. అమ్మ ఆకు కట్టేది కదా, ఎలా కట్టాలో చెప్పు. మనింటినుంచి తెచ్చిన గింజలు కుండీలో వేశానన్నాగా, బాల్కనీ అంతా అవే ఇప్పుడు. చోటు మాత్రం అడక్కు. అడక్కూడదుగా."

చివర చిన్న నవ్వు.

సత్యవేణి చేతులు ఆగాయి.

"అది బిందు గొంతే?"

"బిందే."

"అంత ముదురు గొంతేంటే దానికి?"

"ముప్పయ్యో పడిలో పడుతోందక్కా. పెళ్ళయింది. తణుకులో ఉంటున్నారు. చంటిపిల్ల."

హిమబిందు సత్యవేణికి ఒక్కతే కూతురు. తల్లి పోయేనాటికి నాలుగో క్లాసు చదువుతోంది. ఆ తర్వాత తలదువ్వినా, పెద్దమనిషైతే మూలన కూర్చోబెట్టినా, పెళ్ళిచూపులకి చీర కట్టినా, పురుడు పోసినా మాణిక్యమే.

"మరి నువ్వేం చెప్పావే?"

"చెప్పేశానక్కా." మాణిక్యానికి ఇప్పుడు ఛాతీలో రాయి నోటిదాకా వచ్చింది. "నోటికొచ్చిన పాఠంలా మొత్తం చెప్పేశా. పూలు విచ్చాక కొయ్యి, పెనం మీద వాడ్చు, ఆముదం రాయి, మాట్లాడకు. ఎక్కడే అని అడగలేదు. అడగబోయి ఊరుకున్నా. ఫోను పెట్టేశాక అన్నం తిన్లేదు. పడుకుందామని చాప వేసుకున్నా."

"పడుకోలేదా?"

"ఏమో. ఇటు వచ్చా."

ఎండ కొంచెం వాలినట్టుంది. పక్కనున్న గుబురులో ఒక మొగ్గ మెలి కాస్త వదులయింది. మాణిక్యం దాన్ని చూసి గబగబా మాట్లాడింది.

"సాయంత్రం అది ఆకు కట్టేసుకుంటుందక్కా. రేపూ కట్టుకుంటుంది, ఎల్లుండీ కట్టుకుంటుంది, నీలాగే. దానికి తెలీదు. నువ్వు కామెర్లతో పోయావనుకుంటోంది. నువ్వు అలాగే చెప్పమన్నావు, నాచేత ఒట్టు వేయించుకున్నావు. నా ఒట్టు నాకిచ్చెయ్యి. అందుకే వచ్చా."

ఆ మాటతో వాళ్ళు కూర్చున్న వర మంచం అయింది. ఇనపమంచం, పైన రబ్బరుగుడ్డ, పక్కన స్టూలు మీద బత్తాయిలు. కాకినాడలో ఆసుపత్రి. మంచాల మధ్య కూడా చంద్రకాంత గుబుర్లు ఉన్నాయి, నర్సమ్మలు వాటిని తొక్కకుండా తప్పుకుని నడుస్తున్నారు. సత్యవేణి మంచం మీద పడుకుని ఉంది, ఎడమవైపంతా కట్టుతో, ముఖం పిడికెడయి. మాణిక్యం చెయ్యి ఆవిడ నెత్తి మీద ఉంది. తియ్యాలని చూస్తే రావడం లేదు.

"బిందుకి చెప్పకు," అంటోంది మంచంమీది సత్యవేణి, అప్పుడు అన్నట్టే, ఊపిరికీ ఊపిరికీ మధ్య. "ఎవరికీ చెప్పొద్దు. తల్లికి ఈ జబ్బంటే ఆ పిల్లని ఎవరు చేసుకుంటారు. కామెర్లని చెప్పండి. తాగిన పసరు వికటించి పోయిందనండి."

బావగారు తలుపు దగ్గర నిలబడి తల ఊపుతున్నాడు. సూరిబాబు తల ఊపుతున్నాడు. అప్పుడు అందరూ ఊపారు. ఊళ్ళోవాళ్ళు కూడా నమ్మారు, నమ్మనివాళ్ళు నోరు మెదపలేదు, ఎందుకంటే వాళ్ళల్లో సగంమంది ఆడవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ పెరట్లో నోరు మూసుకుని ఆకు కట్టించుకున్నవాళ్ళే.

మంచం పోయింది. మళ్ళీ వర. సత్యవేణి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది, చేతుల్లో దండ. కట్టు లేదు.

"అక్కా, ఒకటడుగుతా. నిజం చెప్పు. నీకు తెలుసా?"

"ఏది?"

"అది సెగ్గడ్డ కాదని. శ్రావణమాసం నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా రోజూ సాయంత్రం నేనే కదా ఆకు వాడ్చి ఇచ్చింది. నువ్వు గోడవైపు తిరిగి నీ అంతట నువ్వే కట్టుకునేదానివి. నాకు చోటు కనిపించనిచ్చావు కాదు. నేనూ అడగలేదు. ఎంతమందికి కట్టావు, నీకు తెలీదా?"

సత్యవేణి ఒళ్ళోని పూలు సర్దుకుంది. చాలాసేపు సర్దుకుంది, ఎంత సర్దినా అవి అంతే ఉన్నాయి.

"సెగ్గడ్డ మీద ఆకు పొద్దుటికి తడిసి నల్లబడి వస్తుంది. చీమూ నీరూ లాగేసి, వాసనొస్తుంది. నాది పొడిగా వచ్చేది. ఎలా కట్టానో అలాగే. మడత కూడా చెదిరేది కాదు."

"ఎప్పుడు చూశావ్?"

"మొదటివారంలోనే."

ఎక్కడో వరలో నీటిచుక్క పడింది. మాణిక్యం ఆవిడ ముఖంలోకి చూసింది. కోపం రావాలి, ఇరవై ఏళ్ళుగా ఆ కోపం కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది, కాని వచ్చింది ఏడుపు.

"మరి ఎందుకక్కా?"

"నువ్వేమనుకున్నావు, నేను ఆకుని నమ్ముకున్నాననుకున్నావా? పిచ్చిదానా. నేను నమ్ముకుంది మాట్లాడకపోవడాన్ని. మాట్లాడనంతసేపూ అది లేదు. ఆకు తీసి చూసుకోవడం, పొడిగా ఉండటం, పారేసి ముఖం కడుక్కుని పొయ్యి దగ్గరికి రావడం. నువ్వు 'ఇవాళ చారు పెట్టనా పులుసు పెట్టనా' అంటావు. పులుసు పెట్టవే అంటాను. అంతే, ఆ పూటకి అది లేదు. డాక్టరు దగ్గరికి వెళితే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టాక ఇక ఇంట్లో అది కూడా ఒక మనిషి అయిపోతుంది."

"నువ్వే అనేదానివి, మూడు ఆకులకి మెత్తబడకపోతే అది మన గడ్డ కాదు, డాక్టరుకి చూపించుకోండి అని. అందరికీ చెప్పేదానివి."

"అందరికీ చెప్పా."

మొగ్గలు ఒకటొకటిగా వదులవుతున్నాయి. ఇంకా విచ్చుకోలేదు, కాని మెలి తిరిగిన చివర్లు విప్పుకుంటున్నాయి, ఆ సన్నటి వాసన మొదలైంది. మాణిక్యం లేచి దగ్గరి గుబురు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొగ్గని వేళ్ళతో నొక్కి పట్టుకుంది. పక్కది విచ్చుకోబోయింది, రెండో చేత్తో దాన్ని పట్టుకుంది. ఇంకోటి. వేళ్ళు చాలడం లేదు. ఒక్కో వేలిసందునా ఒక్కో మొగ్గ, వేళ్ళ మధ్యనుంచి అవి మెల్లగా తోసుకుంటూ వస్తున్నాయి, కోడిపిల్ల పెంకులోంచి తోసుకున్నట్టు, బలం అంటూ లేకుండానే.

"నువ్వు మూస్తే ఆగుతాయిటే," అంది సత్యవేణి వెనకనుంచి, జాలిగా.

"మరి ఒట్టు తీసెయ్యి."

"అది పాలగడ్డేమో. చంటిపిల్ల అన్నావుగా. పాలగడ్డ ఎవరికైనా వస్తుంది."

"పాలగడ్డైతే ఆ మాటే డాక్టరమ్మ చెబుతుంది. చెప్పించుకుని, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుని, నవ్వుకుంటూ ఇంటికొస్తుంది. నీ గురించి తెలీకపోతే అసలు వెళ్ళదుగా. ఏదో గడ్డ అనుకుని మన ఆకు కట్టుకుని కూర్చుంటుంది. నువ్వు కట్టిన ఆకని దానికెంత నమ్మకమో నీకు తెలీదు. ఆ గింజలు పెళ్ళినాడు పసుపుకుంకాలతో పాటు మూటలో పెట్టుకెళ్ళింది."

సత్యవేణి తల దించుకుంది.

"దాని అత్తవారికి తెలిస్తే?"

"తెలియనీ."

"ఏలుకుంటున్నారు కదా బాగానే. తల్లి రోగం దాచి పెళ్ళి చేశారంటారు. అంటారే. నిన్నే అంటారు ముందు."

"నన్నంటే పడతా."

"దాని మొగుడు ఎలాంటివాడు?"

"నోట్లో నాలుక లేనివాడు. దాన్ని మాత్రం బండిమీద ఎక్కించుకుని ఎక్కడికంటే అక్కడికి తీసుకెళతాడు."

"ఎవరు, ఆడపిల్లా మగపిల్లాడా? చంటిది."

"ఆడపిల్లే."

సత్యవేణి చేతిలో దండ జారింది. నేలమీద అంత పొడవు దండ, వరల మధ్య మెలికలు తిరిగి కనుచూపు మేర వెళ్ళిన దండ, దారం లేని దండ, ఒక్క చోట కాడ సడలగానే ఆ చివరినుంచి విడిపోవడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"ఎవరి పోలిక?"

"నీ నుదురు. మిగతాదంతా వాళ్ళ నాన్నమ్మ."

"నా పేరు పెట్టలేదు కదా?"

"పెడదామంది బిందు. సగం ఆయుష్షుతో పోయినవాళ్ళ పేరు వద్దంది వాళ్ళత్తగారు. జాహ్నవి అని పెట్టారు."

"మంచిపని చేసిందావిడ," అంది సత్యవేణి. కాసేపు ఆ పేరుని పెదాలతో మాత్రం పలికి చూసుకుంది. "ఆవిడకి బుర్రుంది."

మాణిక్యం మొగ్గల్ని వదిలేసింది. వేళ్ళకి పుప్పొడి అంటుకుంది. ఆమె వచ్చి సత్యవేణి ముందు నేలమీద కూర్చుంది, ఆవిడ మోకాళ్ళ మీద చేతులు వేసి. ఆ మోకాళ్ళు చల్లగా లేవు, వెచ్చగానూ లేవు.

"రేపు ఆ పిల్లకీ పెళ్ళీడు వస్తుంది. దానికి కూడా కామెర్లని చెప్పాలా అక్కా? బిందుకి ఏమన్నా అయితే నేను మళ్ళీ ఇంకో చిన్నపిల్లని కూర్చోబెట్టుకుని, మీ అమ్మకి పసరు వికటించిందమ్మా అని చెప్పాలా? నావల్ల కాదు. ఒకసారి చెప్పా. జడ వేస్తుంటే అడిగింది అది, అమ్మ కళ్ళు పచ్చగా లేవుగా పిన్నీ, నేను చూశాగా అని. జడ లాగి వేశా, ఏడ్చింది, ఇక మళ్ళీ అడగలేదు."

సత్యవేణి వెనక వరలన్నీ మసకబారుతున్నాయి, గోనెసంచులో పొగమంచో తెలియనిది ఏదో వాటిని కప్పుతోంది. పూలు మాత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒక్కసారిగా కాదు, ఒక గుబురు తర్వాత ఒక గుబురు, ఎవరో దీపాలు వెలిగిస్తూ వస్తున్నట్టు దూరంనుంచి దగ్గరికి విచ్చుకుంటూ వస్తున్నాయి.

"ఒట్టు ఇవ్వవా?"

"అది నన్నేమనుకుంటుందే?" అంది సత్యవేణి. ఇంతసేపూ ఎక్కడ దాచుకుందో ఆ గొంతు, చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఊరందరికీ మందు కట్టింది మా అమ్మ అని చెప్పుకుంటోంది కదా. తెలిసీ నోరు మూసుకుని నన్ను వదిలేసి పోయిందా అనుకోదూ? పెళ్ళి సంబంధాల కోసం అన్నాను గాని, ఇదేనే మాణిక్యం. ఆ ఒట్టు దీనికే."

మాణిక్యం అబద్ధం చెప్పొచ్చు. అనుకోదులే అక్కా, అర్థం చేసుకుంటుందిలే అనొచ్చు. బతికున్నవాళ్ళతో అలాంటి మాటలు ఎన్ని అనలేదు.

"అనుకుంటుంది," అంది. "తిట్టుకుంటుంది కూడా. నిన్నూ నన్నూ కలిపి తిట్టుకుంటుంది. తిట్టుకోనీ అక్కా. తిట్టుకోడానికి మనిషి ఉండాలిగా."

సత్యవేణి వర మీంచి కిందికి దిగింది. ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకి వచ్చాయి. పసిపిల్లని ఊరుకోబెడుతున్నట్టు ఒక చేత్తో మాణిక్యం తల వెనక పట్టుకుని, రెండో అరచెయ్యి ఆమె నోటిమీద వేసి నొక్కింది. ఆముదం వాసన, ఆకుపసరు వాసన, సిమెంటు వాసన. ఆకు కోశాక మాట్లాడబోయిన కొత్తకోడలి నోటిని ఎన్నో సాయంత్రాలు మూసిన చెయ్యే అది. చుట్టూ పూలన్నీ విచ్చుకున్నాయి.

మాణిక్యం ఆ చేతిని తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు, ఇన్నేళ్ళకి తాకిన చెయ్యి. ఆ వేళ్ళ కిందనుంచే, పెదాలు కదలడానికి ఉన్న కాస్త చోటులోంచే, "చెబుతా," అంది. "చెబుతానక్కా." సత్యవేణి ఇంకా గట్టిగా నొక్కింది. ఆవిడ కళ్ళు చెప్పొద్దనడం లేదు, చెప్పమనడం లేదు, నీళ్ళు నిండి ఉన్నాయి అంతే. "చెబుతా," అని మళ్ళీ అంది మాణిక్యం, ఊపిరాడక, "చెబుతా, చెబుతా."

"ఏంటి చెబుతావ్? ఎవరికి?"

సూరిబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో. మాణిక్యం నడవాలో చాప మీద పడి ఉంది, పక్కకి తిరిగి. కరెంటు పోయినట్టుంది, ఫ్యాను ఆగిపోయి, మెడంతా చెమట. వీధివైపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గోడమీదికి ఎక్కింది.

"టైమెంతయింది?"

"అయిదు దాటింది. అన్నం తినకుండా పడుకున్నావు, లేపుదామా వద్దా అని రెండుసార్లు వచ్చి చూసెళ్ళా. నిద్దట్లో ఒకటే మూలుగు."

"నా ఫోనేది?"

"ముందు టీ తాగు."

"ఫోనివ్వండి."

ఆయన ఆమె వంక ఒక రకంగా చూసి, మారు మాట్లాడకుండా చార్జింగులో ఉన్న ఫోను తీసి ఇచ్చాడు. తొందరలో ఒకసారి వేరే ఎవరికో వెళ్ళింది, కట్ చేసి మళ్ళీ నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకుంటుండగా ఎత్తింది బిందు, కాని పలకలేదు. వెనక పిల్ల ఉంగా ఉంగా అంటోంది.

"బిందూ. మాట్లాడు. ఏం ఫర్వాలేదు, మాట్లాడు."

"అబ్బ, పిన్నీ, చెడగొట్టావ్. ఇప్పుడే రెండాకులు కోశా. మాట్లాడకూడదన్నావుగా, ఎత్తాలా వద్దా అని చూస్తున్నా."

"అవి అక్కడ పెట్టెయ్. పెనం కింద పొయ్యి కట్టెయ్. గడ్డ ఎక్కడే?"

బిందు ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. ఆ ప్రశ్న ఎవరూ వెయ్యకూడనిదని పాలతోపాటు తాగిన పిల్ల.

"అదేంటి పిన్నీ, అలా అడుగుతున్నావ్?"

"అడుగుతున్నా. చెప్పు."

"రొమ్ములోనే," అంది బిందు, గొంతు బాగా తగ్గించి. "ఎడమవైపు. పాలగడ్డేలే అనుకుంటున్నా. కాని పాలిచ్చాక కూడా అంతే ఉంటోంది. ఎందుకు పిన్నీ?"

సూరిబాబుకి ఫోనులోని మాటలు వినపడలేదు, భార్య ముఖం మాత్రం కనపడింది. ఆయన టీ గ్లాసు కిటికీలో పెట్టి, ఏదో అర్థమైనవాడిలా, వద్దని చెయ్యి ఊపబోయి, సగంలో ఆపేసి, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మానికి ఆనించాడు.

"రేపు పొద్దున్నే నేనొస్తా. ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికెళదాం. మీ ఆయనకి చెప్పి ఉంచు. ఇదే కాదు, ఇంకోటి చెప్పాలి నీకు. కూర్చో. పిల్లని కింద పడుకోబెట్టి కూర్చో. మీ అమ్మ కామెర్లతో పోలేదమ్మా."

ఎదురుగా బీరువా అద్దం. అందులో మాణిక్యానికి తన ముఖం కనిపించింది. ఇంతసేపూ తన అరచెయ్యే ముఖం కింద పెట్టుకుని దానిమీదే బరువంతా వేసి పడుకున్నట్టుంది, నోటికి అడ్డంగా, ఒక బుగ్గనుంచి రెండో బుగ్గదాకా, నాలుగు వేళ్ళ అచ్చు ఎర్రగా దిగబడి ఉంది. అది ఇంకా చెరగలేదు. దాని కింద పెదాలు కదులుతూనే ఉన్నాయి.